చెవి దగ్గర పెట్టి

డైలాగులన్నీ వచ్చేశాయి.
చుట్ట ఒక్కటే రాలేదు నాకు.

"కరణం వేషంరా నీది,
సాంబ్రాణి కడ్డీ పట్టుకున్నట్టు ఆ పట్టుకోవడం ఏంది?
లాలాపేట పోయి నిజమైంది తెచ్చుకో"
రిహార్సల్ ఆపేసి అరిచాడు అంకమ్మరావు.
పరిషత్తుకి ఇక తొమ్మిది రోజులు.

స్టీలు సామాన్ల కొట్టుకీ గాజుల కొట్టుకీ మధ్య
మనిషి పక్కకి తిరిగితేగాని పట్టని సందులో
సైదాబీ కొట్టు.
గోనెపట్టా మీద కట్టలు,
పైన తడిగుడ్డ,
ఆ గుడ్డ కింద ఏదో నిద్రపోతున్నట్టు వాసన.

"మంచి చుట్ట ఒకటి ఇవ్వండి."

"మంచిదంటే?
నోటికా, చేతికా, చూసేవాళ్ళకా?"

చూసేవాళ్ళకే అన్నాను.
అబద్ధమాడే ఓపిక లేక.

"ఎప్పుడన్నా తాగావా?"
"లేదు."
"బీడీ?"
"లేదు."
"ఊఁ?"
"ఇంటర్లో, ఒకసారి."

పాత పేపరు మీద ఐదు చుట్టలు పరిచింది.
"కొత్తోళ్ళు నల్లగా ఉంటే గొప్పదనుకుంటారు,
లావుగా ఉంటే మగతనం అనుకుంటారు.
తియ్, ఆ రెండూ తీసి పక్కన పెట్టు."

మిగిలినవి మూడు.

"బొటనవేలితో నొక్కి చూడు.
అట్టా కాదు, మామిడికాయ బేరమా ఇది?
నిద్రపోయే పిల్లకి
జొరముందేమో చూస్తావే, అట్టా."

నొక్కాను. నాకేం తెలిసింది?
మూడూ ఒకటే ఒళ్ళు.

"చెవి దగ్గర పెట్టి తిప్పు.
గలగలమంటే ఎండిపోయింది, నాలుక కాలుద్ది.
నోరు మెదపకపోతే తడిది,
లాగి లాగి దవడలు పడిపోతాయి.
గుసగుసమనాలి."

మొదటిదాంట్లో ఆటో హారన్.
రెండోదాంట్లో పక్క కొట్టులో
ఎవరో చేతికి గాజులు ఎక్కించుకుంటూ 'అబ్బా' అనడం.
మూడోదాంట్లో
పొడి గడ్డిలో పిచ్చుక కాలు కదిపినట్టు.

"ఇది" అన్నాను.
అప్పుడు చూసింది నా మొహం వంక, సరిగ్గా.

ముప్ఫై ఒక్క ఏళ్ళు కంపెనీలో ఆకు ఏరిందట.
ట్యూబులైటు కింద కూర్చుని
నిమ్మపండు రంగొక కుప్ప,
నారింజ రంగొక కుప్ప,
మచ్చ పడ్డది మరో కుప్ప.
"అది సిగరెట్టాకు, చదువుకున్నాకు.
ఇది ఏటి లంకలో పెరిగింది.
మర్యాద తెలీదు దీనికి,
నటించడమూ తెలీదు."

నా వృత్తి మీద విసురేమో అనుకున్నాను.
కాదులెండి, ఆమె దారం వెతుక్కుంటోంది.

"మీరు తాగుతారా?"
"అన్నేళ్ళు పీల్చిన దుమ్ము చాలదూ?"
నవ్వబోయింది,
నవ్వు కంటే ముందు దగ్గొచ్చింది.
అది తగ్గేదాకా
నేను పేపర్లో పాత సినిమా ప్రకటన చదివాను.

"ఖాళీ కడుపున ముట్టించకు.
పొగ మింగకు.
చుట్ట చుట్టం లాంటిది అబ్బాయ్,
వసారాలో కూర్చోబెట్టు,
లోపలి గదిలోకి రానిచ్చావా
ఇక పోదు."

పన్నెండు రూపాయలు.

పరిషత్తు రోజు రెండో రంగం.
ఎదురుగా బసవయ్య చేతులు కట్టుకుని,
"నా పొలం కరణంగారూ" అని ఆగాడు.
నేను చుట్ట తీసి, అగ్గిపుల్ల గీసి,
పొగ వదిలి, అప్పుడు అనాలి
"ఏ పొలం?" అని.

తీశాను.
చెయ్యి నా మాట వినలేదు.
చెవి దగ్గర పెట్టి తిప్పాను.

హాల్లో దగ్గులు ఆగాయి.
బసవయ్య కళ్ళలో నిజం భయం,
నేను డైలాగు మర్చిపోయానని.
రెక్కల చాటు నుంచి అంకమ్మరావు
గాల్లో అగ్గిపెట్టె గీస్తున్నాడు.

వెలిగించలేదు.
జేబులో పెట్టుకుని
"ఏ పొలం?" అన్నాను,
గుసగుసగా.

బహుమతి ఏమీ రాలేదు.
"అగ్గిపెట్టె వాడని కరణం" అని
జడ్జిగారు కాగితం మీద రాశారట.

మొహానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుస్తుంటే
పంచె ఎగ్గట్టిన పెద్దాయనొకాయన వచ్చి
చెయ్యి చాపాడు.
ఇచ్చాను.
చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి,
"లంకాకు" అన్నాడు.
నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు,
పేరన్నా అడక్కుండా.

చొక్కా రెండుసార్లు ఉతికింది మా అమ్మ.
జేబు వాసన చూసి
ఎప్పట్నుంచిరా ఇది అంటోంది.
ఇంకా మొదలుపెట్టలేదమ్మా అంటే
నమ్మదే.